తొలికాపు ఆడపడుచుది

మా దొడ్లో ఉన్న పళ్ళచెట్లన్నీ నేను నాటినవే, ఒక్కటి తప్ప. అయినా ఏ చెట్టు తొలి పండూ నేను మొదట తినలేదు. ఈ మాట మా ఆయనతో చాలాసార్లు అన్నాను. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విని, మోటారు వెయ్యాలంటూ చెరకులోకి వెళ్ళిపోయేవారు.

చోడవరంలో మా ఇల్లు ఊరి చివర ఉంటుంది. ముందు రోడ్డు, వెనక దొడ్డి, దొడ్డి కంచె దాటితే మా చెరకు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ దొడ్లో ఒక ములగ చెట్టు, గడ్డివాము, పశువుల పాక తప్ప ఏమీ లేవు. ఇంత జాగా ఖాళీగా పెట్టుకుని పళ్ళు బజార్లో కొనుక్కోవడం ఏమిటని నాకు అనిపించింది. మా అత్తగారితో అంటే, చెరకు పండించే ఇంట్లో తీపికి కరువా అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మరుసటి వానాకాలమే సంతలో జామ మొక్క కొని నాటాను. తర్వాత సపోటా, సువర్ణరేఖ, పణుకుల మామిడి, పనస, సీతాఫలం, పంపరపనస. బత్తాయని చెప్పి నర్సరీ అతను అంటగట్టిన మొక్క ఒకటి నిమ్మ అయింది. అతను ఇప్పుడు కొట్టు మార్చేశాడు గానీ, కొత్త కొట్టు ఎక్కడుందో నాకు తెలుసు.

చెరకు నరికాక మిగిలే ఆకంతా తెచ్చి పాదుల్లో పరిచేదాన్ని. ఎండాకాలం తేమ నిలిచేది. చెదలొస్తాయని మా ఆయన గొణిగేవారు, వచ్చేవి కూడా. బూడిద చల్లేదాన్ని. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఒక్కో చెట్టు దగ్గరా కాసేపు నిలబడటం నాకు అలవాటైపోయింది. సపోటా కాయ గోటితో గీకి చూస్తే లోపల పచ్చగా ఉందా, పసుపు తిరిగిందా తెలుస్తుంది. పనసకాయ మీద తడితే పండబోతున్న కాయ ఒకలా పలుకుతుంది, ఇంకా ముదరని కాయ ఒకలా పలుకుతుంది. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. చెట్ల దగ్గర నిలబడి నిలబడి నేర్చుకున్నాను.

మా అత్తగారి ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ చెట్టు తొలికాపు కాసినా ఆ ఇంటి ఆడపడుచు వచ్చి మొదట రుచి చూడాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ పండు నోట పెట్టకూడదు. ఆవిడ తిని బాగుందంటే ఆ కాపంతా బుట్టకెత్తి ఆవిడతో పంపాలి. అది పుట్టింటి మర్యాద. నచ్చలేదంటే ఇంట్లోవాళ్ళం తినొచ్చు. ఆడపడుచంటే మా ఆయనకు అప్ప, అంటే అక్క, నాకు వదిన. మాడుగులలో కాపురం ఉండేది.

జామ తొలిసారి కాసినప్పుడు కబురు పంపారు. వదిన బస్సు దిగి వచ్చింది, చేతిలో హల్వా పొట్లం. కాళ్ళు కడుక్కుని దొడ్లో బట్టలుతికే రాయి మీద కూర్చుంది. మా అత్తగారు పళ్ళెంలో జామపండు పెట్టి ఇచ్చారు. లోపల గులాబీ రంగు, నేను వెతికి వెతికి తెచ్చిన రకం. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ నోటికేసి చూస్తున్నాను. ఒక్కసారి కొరికింది. నమిలింది. చప్పగా ఉందమ్మా, నాకొద్దు, మీరే ఉంచీసుకోండి అంది. మా పిల్లలిద్దరూ అప్పటికే నా పక్క నుంచి దూరి బుట్ట మీద పడ్డారు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడ్డాను. కూర మాడింది.

సపోటా కాసిన ఏడు వచ్చి, ఇసక నమిలినట్టుందంది. పనస కోసిన ఏడు, తొనల కన్నా జిగురే ఎక్కువుందంది. సీతాఫలం తిని, తినడానికి కాదు గింజలు లెక్కెట్టుకోడానికి బాగుంటుందంది. అప్పుడు మా పిల్లలు పడీ పడీ నవ్వారు. వాళ్ళకి అత్త వస్తుందంటే సంబరం. వీధి మలుపు దాకా ఎదురెళ్ళేవారు. నేను లోపల రగిలిపోతూ ఉంటే వీళ్ళకి ఆ మనిషి మీద అంత ప్రేమ ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

అన్నిటికన్నా సువర్ణరేఖ దగ్గర బాధపడ్డాను. ఆ చెట్టు తొలికాపుకి నేను పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. పూత మీద మంచు పడి మసి పట్టింది. నీళ్ళతో గుత్తి గుత్తీ కడిగాను. ఈదురుగాలికి కాయలు రాలిపోతుంటే పాత చీరలు చింపి కొమ్మలకి కట్టాను. మిగిలిన కాయలు వరిగడ్డిలో వేసి మగ్గబెడితే, భుజం మీద ఎర్రగా, కింద పసుపుగా, కొత్త పెళ్ళికూతురు లాంటి పళ్ళు దిగాయి. వదిన ఒక చెక్క తిని, నా వైపు చూడకుండా, రంగుందిగానీ పులుపు అంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరూ ఎందుకు తినలేదని అడగలేదు, అదీ నాకు గుర్తుంది. తర్వాత నేనొక పండు తిన్నాను. అందులో పులుపు లేదు. కొంచెం పీచు, తేనె లాంటి రసం, చివర్లో చిన్న ఘాటు. పులుపు అన్నది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధం ఎందుకు ఆడిందంటే, నేను నాటిన చెట్టు పండు తన ఇంటి గడప తొక్కడం ఆవిడకి చిన్నతనమని నేను అనుకున్నాను. అలా చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆవిడ నోట ఒక్కసారి బాగుంది అన్న మాట వినాలని నాకు ఉండేది. పండు ఎవరు తిన్నా పరవాలేదు. మా చెల్లెళ్ళు మెచ్చుకున్నారు, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళేవారు, విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టాలు సంచులు నింపుకునేవారు. ఆ మెప్పులేవీ నాకు లెక్కలోకి రాలేదు. మెచ్చుకోవలసిన మనిషి మెచ్చుకోలేదు.

అత్తగారు పోయాక ఈ పద్ధతి కూడా పోతుందనుకున్నాను. పోలేదు. మా ఆయన పట్టుకున్నారు. తల్లి ఉన్నప్పుడు పట్టించుకోని మనిషి, తల్లి పోయాక తల్లికన్నా గట్టిగా పట్టుకున్నారు.

ఒక వేసవిలో వదిన సంచీ నిండా మామిడిపళ్ళు తెచ్చింది. మాడుగుల వాళ్ళ పెరట్లో ఒక పెద్ద చెట్టు ఉండేది, దాని పళ్ళు. మా చెట్లు విరగకాసిన సమయంలో మా ఇంటికి మామిడిపళ్ళు మోసుకు రావడం ఏమిటి? మీవి తినే పళ్ళు కావు, ఇవి తినండి అని చెప్పినట్టే కదా. ఇంట్లో అందరూ తిన్నారు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు. వదిన బట్టలుతికే రాయి మీద కూర్చుని ఒక పండు చీకి, టెంక అలా చెరకు ఆకు కుప్ప మీదకి విసిరేసింది.

వానలు పడ్డాక ఆ కుప్పలోంచి మొక్క లేచింది. రాగి రంగు ఆకులు నాలుగు, వేలాడుతూ, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. పీకేద్దామని వంగాను. ఆ మెత్తదనం వేలికి తగిలాక పీకలేకపోయాను. మొక్కకేం తెలుసు, ఎవరు విసిరేశారో. కుప్ప పక్కకి లాగి పాదు చేశాను. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ దానికే పోసేదాన్ని. అంటు మొక్కైతే ఏ పండు కాస్తుందో తెలుస్తుంది. టెంక మొక్క అలా కాదు, కాసేదాకా ఏమీ చెప్పదు. అన్ని చెట్లలోకీ అదే ఆలస్యంగా ఎదిగింది. మా ఆయన రెండుసార్లు కొట్టేస్తానన్నారు, పాకలోకి ఎండ రావడం లేదని. నేను ఒప్పుకోలేదు.

ఈలోగా వదిన భర్త పోయారు. మాడుగుల ఇల్లు అమ్మేసి, గాజువాక దగ్గర కొడుకింటికి వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళు అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంటూ ఆ పెద్ద మామిడిచెట్టు కొట్టేశారని మా ఆయన ఒకరోజు భోజనం దగ్గర చెప్పారు. నేను మజ్జిగ పోస్తున్నాను. పోయడం ఆపి, మళ్ళీ పోశాను.

కిందటేడు వదిన మనవరాలి పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళాం. చెట్టున పండిన సపోటాలు ఏరి ఏరి బుట్టలో సర్ది, పైన సపోటా ఆకులు కప్పి తీసుకెళ్ళాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిన బుట్ట అందుకుని, సరే అంది. అంతే. భోజనాలయ్యాక జనానికి పళ్ళు పంచారు, యాపిల్ ముక్కలు, అనాస ముక్కలు. మా సపోటాలు కనిపించలేదు. చెప్పులు వేసుకోవడానికి కిందకి దిగితే, మెట్ల కింద, పాత సైకిలు పక్కన, ఆకులు కప్పింది కప్పినట్టుగా మా బుట్ట ఉంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చి మా ఆయనకి మాత్రం చెప్పాను, ఇక ఆ గుమ్మానికి నా నుంచి పిలుపు వెళ్ళదని.

వెళ్ళలేదు కూడా. సంక్రాంతి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. ఫోనొస్తే మా ఆయన మాట్లాడేవారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

ఈ ఏడే టెంక చెట్టు కాసింది.

పూత తక్కువే వచ్చింది, నిలిచినవి ఇంకా తక్కువ. ఒక చిన్న బుట్టకి సరిపడా కాయలు. సువర్ణరేఖలా రంగు లేదు, పణుకుల్లా గుండ్రంగా లేదు. ఒక వైపు కొంచెం వంగి, ముక్కు దగ్గర చిన్న నొక్కుతో ఉన్నాయి. భుజాలు నిండాక గెడకి కట్టిన వల చిక్కంతో దింపి, ఒక్కటీ కింద పడకుండా, గదిలో మంచం కింద వరిగడ్డి పరిచి వేశాను. నాలుగు రోజులకే వాసన మొదలైంది. మా దొడ్లో ఏ మామిడికీ అలాంటి వాసన లేదు. కొంచెం పచ్చికర్పూరంలా, కొంచెం కాగిన పాలలా. రాత్రి మంచం మీద పడుకుంటే కిందనుంచి పైకి వచ్చేది.

మా ఆయన కూడా పీలుస్తున్నారని నాకు తెలుసు. తెల్లారి నేను గడ్డి మీద చెయ్యి వెయ్యబోతే ఆపారు. అప్ప రాకుండా ముట్టుకోవద్దన్నారు. అయితే పిలవండి అన్నాను.

"నాను పిలిస్తే రాదు. ఇంటి కోడలు పిలవాల. కిందటేడు నుంచి నువ్వు మాటాడలేదని దానికి తెల్దేటి?"

"నేను పిలవను."

"అయితే కుళ్ళిపోనీ," అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

రెండు రోజులు ఆ పళ్ళ దగ్గరికి వెళ్ళి గడ్డి ఎత్తి చూడటం, కప్పేయడం, ఇదే పని. పిలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వస్తుంది, ఒక్కసారి కొరుకుతుంది, పులుపు అంటుంది. ఇన్నేళ్ళు నీళ్ళు పోసింది ఆ మాట కోసమా? పిలవకపోతే, ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాపు మంచం కింద మగ్గి మట్టయిపోతుంది. మూడో రోజు పొద్దున్న ఒక పండు తొడిమ దగ్గర నల్లటి మచ్చ కనిపించింది. చిటికెన వేలి గోరంత. నేను చెయ్యి కడుక్కుని ఫోను తీశాను.

వదిన ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది.

"వదినా, చెట్టు కాసింది," అన్నాను.

"ఏ సెట్టే?"

"మీరు విసిరేసిన టెంక. మాడుగుల చెట్టుది."

టీవీ చప్పుడు ఆగిపోయింది.

"దాన్ని పీకీలేదేటి?"

"పీకలేదు."

"రేపొస్తన్నాను. కత్తిపీట బాగా తోమి ఎట్టు."

మర్నాడు ఎండెక్కకముందే ఆటో దిగింది. మనిషి సన్నబడింది. చేతిలో ఎప్పుడూ ఉండే హల్వా పొట్లం లేదు. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రాకుండా పక్కసందు గుండా దొడ్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. టెంక చెట్టు దగ్గర ఆగి, మాను మీద చెయ్యి వేసి, పైకి చూసింది. ఒక ఆకు తుంచి నలిపి వాసన చూసింది. వచ్చి బట్టలుతికే రాయి మీద కూర్చుంది.

కత్తిపీట, పళ్ళెం, పండు తెచ్చి ముందు పెట్టాను. ఈసారి గుమ్మంలో నిలబడలేదు. ఎదురుగానే నిలబడ్డాను. ఏమంటుందో నా మొహం మీదే అనాలని.

వదిన రెండు చెక్కలూ కోసి పళ్ళెంలో పెట్టి, ఒకటి తీసుకుని తిన్నది. నేను ఆ నోటికేసి చూస్తున్నాను. ఎప్పుడూ ఒక్క కొరుకుడుతో తేల్చేసే మనిషి, తోలు దాకా గీకి తిన్నది. రెండో చెక్క కూడా తీసుకుంది. రసం మోచేతి దాకా కారింది, తుడుచుకోలేదు.

"బాగుందే," అంది.

ఆ మాట వినగానే, పాక గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆయన బుట్ట కోసం లోపలికి వెళ్ళారు. వాళ్ళమ్మ బతికి ఉన్నట్టే. నేను మాత్రం నీళ్ళ డ్రమ్ము మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాను. ఆనందం వస్తుందనుకున్నాను. ముందు కోపమే వచ్చింది.

"ఇన్నేళ్ళకి ఒక్కటి బాగుంది. అదీ మీ చెట్టుదే," అన్నాను.

వదిన తలెత్తి చూసింది. "నీ సెట్లు బాగోలేదని ఎవులన్నారు?"

"మీరే అన్నారు. సువర్ణరేఖ పులుపన్నారు. సపోటా ఇసకన్నారు."

"మరేటనమంటావు? బాగుందంటే అమ్మ బుట్ట నా నెత్తినెట్టీసీది. అక్కడ గుమ్మంలో నీ గుంటలిద్దరూ గుటకలేసుకుంటూ నిలబడీవోరు. ఆలకేటి మిగుల్తాది?"

పిల్లలు వీధి మలుపు దాకా ఎందుకు ఎదురెళ్ళేవారో, పులుపు అనగానే బుట్ట మీద ఎందుకు పడేవారో, ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. వాళ్ళకి తెలుసు. నాకే తెలియలేదు.

"ఆ ముక్క నా చెవిలో వేసి ఉండొచ్చు కదా," అన్నాను చివరికి.

"ఏస్తే నువ్వు ఎల్లి అమ్మతో దెబ్బలాడీదానివి. నీ సంగతి నాకు తెల్దేటే."

అది నిజమే కావచ్చు. నేను ఒప్పుకోలేదు. సపోటాల సంగతి అడిగాను, మెట్ల కింద పడేసిన బుట్ట. పడేయలేదట. జనానికి పంచితే తనకి మిగలవని దాచుకుందట. రోజూ సాయంత్రం మెట్లు దిగి, ఆ పాత సైకిలు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తినేదట. కొడుకింట్లో పళ్ళకి లోటు లేదు, అన్నీ మందు పెట్టి మగ్గేసినవే, అట్టముక్క నమిలినట్టుంటాయని చెప్పింది. చెబుతూ పళ్ళెంలోని టెంకని ఇటూ అటూ తిప్పుతోంది.

"ఇది మా సెట్టు రుచి కాదు," అంది. "దాని సెల్లెలు లాగుంది." తర్వాత నా వైపు చూడకుండా, "ఇవన్నీ నాను పట్టుకెల్తాను. నువ్వేటనుకోకు," అంది.

ఇన్నేళ్ళలో వదిన మా ఇంట్లో ఏదీ అడగలేదు. నేను మంచం కిందకి వంగి, గడ్డిలోంచి ఒక్కొక్క పండే తీసి మా ఆయన తెచ్చిన బుట్టలో సర్దాను. కింద గడ్డి, మధ్యలో గడ్డి. మచ్చ ఉన్నది పైన పెట్టాను, ఈ రోజే తినమని చెప్పి. నా కోసం ఒకటి పక్కన పెడదామా అని చెయ్యి ఒకసారి ఆగింది. పద్ధతి పద్ధతే. పెట్టలేదు. బుట్ట నిండా మామిడాకులు కప్పి దొడ్లోకి తెచ్చాను.

వదిన ఆ టెంక ఇంకా పట్టుకునే ఉంది. దాని చుట్టూ కండ అలాగే ఉంది, చీకలేదు.

"ఇంద. టెంక నువ్వు సీకు."

మా అత్తగారు ఉన్నప్పుడు టెంక ఎప్పుడూ కూతురికే ఇచ్చేవారు. నాకు చెక్కలే వచ్చేవి. ఆ సంగతి కూడా నాకు గుర్తుంది. చెయ్యి చాపి తీసుకున్నాను. డ్రమ్ము పక్కనే నిలబడి చీకాను. మొదట కాగిన పాల కమ్మదనం, తర్వాత గొంతులో దిగే తీపి, పీచు దగ్గరికి వచ్చేసరికి ఆ పచ్చికర్పూరం వాసన. ఇలాంటి పండు నేను ఎప్పుడూ తినలేదు. మాడుగుల నుంచి సంచీ నిండా వచ్చిన ఏడు నేను ముట్టుకోనివి ఇలాగే ఉండేవేమో, దీనికన్నా బాగుండేవేమో. ఇక తెలియదు.

"ఎలాగుంది?" అని అడిగింది.

బుట్ట మా ఇద్దరి మధ్యా ఉంది. బాగుందంటే ఆవిడ ఏం చేస్తుందో నాకు ఇప్పుడు తెలుసు. సగం తీసి నా ఒళ్ళో పోస్తుంది.

"పులుపు," అన్నాను. "నాకొద్దు. మీరే పట్టుకెళ్ళండి."

వదిన నన్ను కాసేపు చూసింది. తర్వాత నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. నేను నవ్వకూడదనుకున్నాను గానీ ఆగలేదు.

ఆటోలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, కిందటేడు నేను బస్సులో కూర్చున్నట్టే. ఆటో కదలబోతుంటే మనసులో ఇంకా మిగిలినది అడిగేశాను. మరి ఆ జామ కూడా పిల్లల కోసమే చప్పగా ఉందన్నారా అని.

"జాం మాత్రం నిజంగానే బాగోలేదే," అంది. "ఎవులమ్మేరోగానీ ఆ మొక్క."

ఆటో వెళ్ళిపోయింది. దొడ్లోకి వచ్చి ఒక జామపండు కోసి, నిలబడి మొత్తం తిన్నాను. చాలా బాగుంది. ఈ జామ సంగతి మాత్రం నేను మర్చిపోను.